అద్దానికి అందని చోటు

ఆ ఉగాది పొద్దున ఇంట్లో ఉన్నది ఐదుగురం. పడసాలలో కాళ్ళు చాపుకొని వేపపూత ఏరుతున్న జేజి, నాయన తల్లి. పొయ్యి దగ్గర అమ్మ. ఎద్దులు అమ్మేసినాక ఉత్తగా మిగిలిన గుంజ చుట్టూ చీపురుతో ఊడ్చిందే ఊడుస్తున్న నాయన. పెరట్లో బండమీద జడ విప్పుకొని కూర్చున్న అక్క హేమావతి. ఆముదం గిన్నె పట్టుకొని అక్క వెనక నిలబడిన నేను, వనజాక్షి. అప్పుడు నేను పదో తరగతి పరీక్షలు రాస్తూ ఉన్నాను.

అక్క తలకు నూనె పెట్టడం చిన్నప్పటినుంచీ నా పనే. ఆ జుట్టును రెండు చేతులా పట్టుకున్నా ఇంకా కొంత జారిపోయేది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనికి పోయేది అక్క. మిషను పట్టీలో చిక్కుకుంటుందని జడను ముడి వేసి, ఆ ముడిమీద గుడ్డ కట్టుకొని పోయి, సాయంత్రం బస్సు దిగగానే విప్పేసేది. వేళ్ళకు ఎప్పుడూ నీలం రంగు అంటుకొని ఉండేది. రెండేళ్ళుగా చేనిలో వేసిన శెనక్కాయ విత్తనం కూడా తిరిగి రాని ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ నీలం వేళ్ళతోనే.

తల వెనక భాగంలో, మెడకు బెత్తెడు పైన, నా వేళ్ళు ఉన్నట్టుండి జారినాయి. ఏదో అంటుకుందేమో అనుకొని గోటితో గీరినాను. ఏమీ లేదు. జుట్టు పాయ తీసి చూస్తే రూపాయి బిళ్ళంత మేర నున్నగా, తుడిచిన పలక మాదిరి ఉంది. పొక్కు లేదు, పుండు లేదు, నొప్పి లేదు. అమ్మను మెల్లగా పిలిచినాను. అమ్మ చూసి జేజిని పిలిచింది. జేజి వంగి, కండ్లు చికిలించి చూసి, పేనుకొరుకుడు అని చెప్పేసింది. ఒక రకం పేను ఉంటుందట, వెంట్రుకను మొదలంటా కొరికేసి కనపడకుండా పోతుందట.

అక్క తల ఎత్తకుండానే నవ్వింది. "ఊరంతా కరువుంటే ఆ పేనుకొక్కదానికి పంట పండిందే జేజీ."

అందరం నవ్వినాం. నాయన కూడా.

నెల తిరిగేసరికి అది అరచేయంత అయింది. చెవి పైన ఒకటి, పాపిటకు పక్కన ఒకటి, కొత్తగా రెండు మచ్చలు లేచినాయి. పొద్దున లేస్తే దిండు మీద కుచ్చులు కుచ్చులుగా వెంట్రుకలు. అమ్మ వాటిని ఏరి, జేజి కంట పడకుండా కొంగులో మూటకట్టి దిబ్బలో పూడ్చి వచ్చేది. పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉన్నాను కాబట్టి రోజూ తెల్లవారగానే నాకు ఒక పని పడింది. పాపిట ఒక పక్కకు మార్చి, మిగిలిన జుట్టును మచ్చల మీదికి లాగి, పిన్నులు గుచ్చి అక్కను పనికి పంపాలి. చెవి పైది, పాపిట పక్కది అక్క చేతి అద్దంలో చూసుకునేది. వెనకది అద్దానికి అందదు కదా. ఎంత ఉంది అని అడిగేది. నేను నా అరచేయి చూపించేదాన్ని.

యూనిట్లో పక్క మిషను మీద కుట్టే పిల్ల, జడ సగమైపోయిందే హేమక్కా, సగాన్ని స్టీలు సామాన్లోళ్ళకు వేసి చెంబు తెచ్చుకున్నావా అని అడిగిందంట. అక్క ఇంటికొచ్చి ఆ మాటను నవ్వుతూనే చెప్పింది. చెప్పి అన్నం తినలేదు.

అదే పిల్ల ఇంకో రోజు, అనంతపురంలో చర్మానికీ జుట్టుకూ మాత్రమే చూసే పెద్ద డాక్టరు ఉన్నాడనీ, వాళ్ళ చిన్నాన్న కూతురికి ఇట్లే అయితే ఆయన దగ్గర నయమయిందనీ చెప్పిందంట. అక్క నాయనను అడిగింది. నాయన ఒక్క మాటకే సరే అన్నాడు. నాయన అంత తొందరగా దేనికీ సరే అనడు.

ముగ్గురం పోయినాం. బస్సు గాలికి పిన్నులు ఊడితే మళ్ళీ పెట్టడానికి నేను ఉండాలని అక్క పట్టుబట్టింది. కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అడిగి అడిగి ఆ సందు పట్టుకున్నాం. మేడమెట్ల కింద ఆసుపత్రి. వాకిలి ముందర బల్ల, బల్ల మీద గోడవైపు మొహం తిప్పుకొని కూర్చున్న మొగోళ్ళు. పైన ఎర్ర అక్షరాల బోర్డు.

నాయన ఏడో తరగతి చదివినాడు. ఏ బోర్డు కనిపించినా మొత్తం చదివేదాకా కదలడు. దీన్ని కూడా చదివినాడు. చర్మ, కేశ, సుఖవ్యాధుల నిపుణులు. సుఖవ్యాధులు అన్న మాట దగ్గర ఆయన మొహం ఎట్లనో అయిపోయింది. నేను బోర్డు చూడడం మాని నా కాళ్ళవైపు చూసుకున్నాను. అక్క మాత్రం, లోపల ఫ్యాను తిరుగుతాంది, డాక్టరు ఉన్నట్లే ఉండాడు అంది.

అంతలో రోడ్డుకు ఆ పక్క టీ అంగట్లోనుంచి మా ఊరి నారాయణప్ప గొంతు. పంచాయతీ ఎలెక్షన్లలో నాయన మీద నిలబడి గెలిచిన మనిషి. ఆయన నోట్లో ఏ మాటా ఆగదు.

"ఏమప్పా జయరాముడూ, పిల్లోళ్ళను తోడుకొని ఈ సందులోకి వచ్చినావే."

నాయన బోర్డు కిందనుంచి రెండడుగులు పక్కకు జరిగినాడు. "గుడ్డలు తీసుకుందామని వచ్చినాం లే."

"గుడ్డల అంగళ్ళు ఆ పక్క కదప్పా."

"ఆ పక్కకే పోతాండాం."

అని నడిచినాడు. మేము వెనకాల నడిచినాం. అన్న మాట నిజం చేయడానికి ఒక గుడ్డల అంగట్లో కూర్చోబెట్టి ఓణీలు తీయించినాడు. అంగడాయన ఎన్ని పరిచినా నాయన ఒకటీ బాగలేదన్నాడు. అక్క చేయి ఒడిలోనే ఉంది, ఒక్క గుడ్డనూ ముట్టుకోలేదు. తర్వాత బస్టాండు. బస్సు కదిలినాక అక్క అడిగింది, డాక్టరు సంగతి ఏమని. ఈ పొద్దు ఆయన ఊర్లో లేడంట, ఇంకోసారి వద్దాం అన్నాడు నాయన, కిటికీ బయటికి చూస్తూ.

ఇంట్లో అమ్మకు మాత్రం నిజం చెప్పినాడు. పెండ్లి కాని పిల్లను ఆ బోర్డు కింద ఎట్ల కూర్చోబెడతామే, తెల్లారేసరికి నారాయణప్ప రచ్చకట్ట మీద ఏం చెప్పి ఉంటాడో నీకు తెలీదా అన్నాడు. అమ్మ చాట తీసుకొని బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. అక్క తలుపు అవతలే ఉంది. వినిందో లేదో నాకు ఈనాటికీ తెలీదు.

అమ్మ మడకశిర పక్క ఉన్న తిరుపాలమ్మ పెద్దమ్మకు కబురు పంపించింది. పెద్దమ్మ అమ్మకు అక్క. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. బస్సు దిగడమే కొంగు ముడిలోనుంచి నల్లటి గింజలు తీసి నా చేతిలో పోసింది. జీడిగింజలు. చాకలోళ్ళు బట్టలకు గుర్తులు పెట్టేది వీటి రసంతోనే. ఎన్నిసార్లు ఉతికినా ఆ గుర్తు పోదు. వాళ్ళ ఊర్లో ఒక పిల్లోడికి తల నిండా పేనుకొరుకుడైతే ఈ రసం పూసి తానే మాన్పినానని, ఇప్పుడు వానికి దువ్వెన దిగనంత జుట్టుందని చెప్పింది. దుడ్లు దండగ చేసుకొని పట్నాలకు పోతారే, మనింట్లో లేని మందా అంది.

ఆదివారం పొద్దున, ఏమీ తినకముందు పూయాలట. అక్కను బండమీద కూర్చోబెట్టి వెనకనున్న మచ్చను గోనెగుడ్డతో ఎర్రబడేదాకా రుద్దింది. దబ్బనాన్ని దీపం మంటలో కాల్చి గింజలో గుచ్చితే తారు మాదిరి రసం ఊరింది. దాన్ని పుల్లతో మచ్చ మొత్తం పట్టించింది. ముందు పెద్దదానికి చూద్దాం, కుదిరితే వచ్చే వారం చిన్నవాటికి అని, చెవి పైదాన్నీ పాపిట పక్కదాన్నీ వదిలేసింది.

"మంట పుడితే భయపడొద్దు తల్లీ. మంట పుడితేనే కుదురు లేస్తాది. మూడు దినాలు నీళ్ళు తగలకూడదు."

గుడ్డ కట్టింది. అక్క లేచి పెద్దమ్మకు కాఫీ పెట్టి ఇచ్చింది.

మరుసటి దినానికి అక్క కండ్లు వాచి మూసుకుపోయినాయి. కట్టిన గుడ్డ తడిసి, మెడమీదుగా పసుపుపచ్చ నీరు కారి రవికె వెనక భాగం అట్ట కట్టింది. మందు పని చేస్తాంది అన్నది పెద్దమ్మ. మధ్యాహ్నానికి ఆ మాట అనడం మానేసింది. అక్క పెరట్లో ఎద్దుల గుంజను రెండు చేతులా పట్టుకొని, దానికి నుదురు ఆనించి నిలబడింది. అరవలేదు. అరిస్తే వీధిలోకి వినపడుతుందని.

నేను గుడ్డ విప్పినాను. చర్మం బొబ్బలెక్కి, ఆ బొబ్బలు చిట్లి, గుడ్డతో పాటు పై పొర కూడా వచ్చేసింది. నీళ్ళు తగలకూడదన్న మాట గుర్తుంది. అయినా చెంబుతో ముంచి పోసినాను. ఆ వేసవిలో మా ఊరికి ట్యాంకరు దినం మార్చి దినం వచ్చేది. ఇంట్లో ఉన్నది రెండు బిందెలు తాగే నీళ్ళు. ఒక బిందె అయిపోయేసరికి వెనక అమ్మ వచ్చి నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. అమ్మ లోపలికి పోయి రెండో బిందె తెచ్చి నా పక్కన పెట్టింది.

పెద్దమ్మ పడసాల గుమ్మంలో కూర్చొని ఒకే మాట అంటూ ఉంది. "మా ఊరి పిల్లోనికి ఏమీ కాలేదే. వానికి ఏమీ కాలేదే." ఆమెను ఎవరమూ ఒక్క మాట అనలేదు. తెల్లారి బస్సుకు బయలుదేరేటప్పుడు అక్క కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చింది. ఆమె తెచ్చిన గింజలు ఇంకా అలమారలో ఉంటే జేజి వాటిని తీసుకుపోయి బీడులో పారేసింది.

కుందుర్పిలో సూదిమందు వేసే ఆయన వచ్చి మాత్రలిచ్చి, పైన చల్లడానికి పొడి ఇచ్చినాడు. వాపు దిగింది. చీము ఆరింది. చెక్కు కట్టి, ఆ చెక్కు ఊడినాక కింద చర్మం లేత ఎరుపులో మైనం రాసినట్టు మెరుస్తూ కనిపించింది. అక్క పనికి పోవడం అప్పటికే ఆగిపోయింది. తలకు గుడ్డ కట్టుకొని ఇంట్లోనే. ఎవరన్నా వస్తే లోపలి గదిలోకి పోయేది. అక్క పనికి పోతుందా, మళ్ళీ గడప దాటుతుందా అన్నదొక్కటే ఇంట్లో అందరి బుర్రలోనూ తిరిగేది. పైకి మాత్రం ట్యాంకరు సంగతీ వాన సంగతీ మాట్లాడుకునేవాళ్ళం.

ఒక పొద్దున నాయన తనంతట తానే చొక్కా వేసుకొని, పాపా లెండి, మొదటి బస్సుకు పోదాం అన్నాడు.

ఈసారి నాయన బోర్డు వైపు చూడలేదు. టీ అంగడి వైపూ చూడలేదు. నెత్తిమీది టవలు తీసి చంకలో పెట్టుకొని మాకంటే ముందు లోపలికి పోయినాడు. బల్ల మీద ఆ మొగోళ్ళ మధ్యనే ఇంత చోటు చేసుకొని కూర్చున్నాడు, మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బల్ల చివర ఒక చిన్న పాప తల్లి ఒళ్ళో నిద్రపోతోంది, దానికి చేతుల నిండా గజ్జి. ఆ బోర్డు కిందికి వచ్చేది ఇట్లాంటోళ్ళే అని నాకు అప్పుడు తెలిసింది. నాయనకు కూడా తెలిసినట్టుంది. ఆ పాపనే చాలాసేపు చూస్తూ ఉన్నాడు.

డాక్టరు పెద్ద వయసాయన. అలసిపోయినట్టు ఉన్నాడు, కానీ కసురుకోలేదు. అక్క గుడ్డ విప్పితే లైటు దగ్గరికి తెచ్చి చూసినాడు.

"దీని మీద ఏం పూశారమ్మా?"

అక్కే చెప్పింది. "జీడిగింజ రసం సార్. మా పెద్దమ్మ మంచికే పూసింది."

ఆయన తల ఆడించి నర్సును పిలిచినాడు. చిన్న మచ్చలు రెండింటికీ సూదులు వేయాలి, తెర వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. తలమీద చర్మంలోకి, ఒక్కో మచ్చకూ చాలా చోట్ల గుచ్చుతారట. అక్క నా చేయి వదిలి లేచి పోయింది. తెర వెనకనుంచి నర్సు అదిరిపోవద్దమ్మా, అదిరిపోవద్దు అంటూ ఉంది.

డాక్టరు నాయనతో గొంతు తగ్గించి చెప్పినాడు. పేనుకొరుకుడు అంటే పేను చేసేది కాదంట, మన ఒంట్లోని కాపలా శక్తే పొరబాటున వెంట్రుక కుదుళ్ళ మీద తిరగబడుతుందంట. చాలామందికి సూదులతో వస్తుంది, కొందరికి ఏమీ చేయకపోయినా వస్తుంది. మళ్ళీ ఊడే వాళ్ళూ ఉంటారు. ఈ రెండు చిన్నవీ వస్తాయని నాకు నమ్మకముంది, నెలకోసారి రండి అన్నాడు.

"వెనకది సార్?"

"అది కాలిపోయింది. కుదుళ్ళే లేవు. ఇంక అక్కడ రాదు." కాగితం మీద మందులు రాస్తూ అడిగినాడు. "మొదట్లోనే తీసుకొని రాలేకపోయారా? నెల ముందు వచ్చినా ఇంత అయ్యేది కాదు."

నాయన టవలును చేతిలో మడత పెట్టినాడు, విప్పినాడు.

"తెలీలేదు సార్" అన్నాడు.

తిరుగు బస్సులో అక్క కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఎన్ని దినాలకో అంత నిద్ర. నాయన వెనక సీటునుంచి నా భుజం తట్టి, వెనకదాని సంగతి అక్కకు ఇప్పుడే చెప్పొద్దు పాపా, కొంచెం తేరుకోనీ అన్నాడు. సరే నాయనా అన్నాను.

అప్పటినుంచి ప్రతి పొద్దునా అక్క బండమీద కూర్చొని గుడ్డ విప్పేది. నేను వంగి చూసేదాన్ని. రెండోసారి సూదులు వేయించుకొచ్చిన కొన్నాళ్ళకు పాపిట పక్కన ఏదో నూగు కనిపించింది. తెల్లగా, లేత జొన్నకంకి మీది నూగంత సన్నగా. చెవి పైన కూడా. అద్దం ఇచ్చినాను. అక్క వేలితో ముట్టి, ఈ వయసులోనే ముసిలిదాన్నయితినే అని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. అమ్మ పరిగెత్తుకొచ్చి చూసి దేవుని గూటి ముందర నిలబడిపోయింది. జేజి అయితే తెల్లదో నల్లదో వచ్చిందే చాలు, రంగు తర్వాత అదే దిగుతాది అంది.

"వెనక ఏమన్నా వచ్చిందా?" అని అక్క అడిగింది.

"చూస్తాండా అక్కా" అన్నాను.

ప్రతి పొద్దునా అడిగేది. ప్రతి పొద్దునా చూస్తాండా అనేదాన్ని. ఆ మైనం చర్మం మీద నా ఊపిరి పడకుండా జాగ్రత్తగా చూసేదాన్ని, చూస్తే వస్తుందన్నట్టు.

మృగశిర కార్తె పోయి పుష్యమి కార్తె కూడా వచ్చింది. వాన రాలేదు. యూనిట్నుంచి మనిషి వచ్చి, హేమావతి మిషను ఇన్నాళ్ళూ ఆమె కోసమే ఉంచినాం, ఇంక ఉంచలేం, ఆమె రాకుంటే ఇంట్లో ఇంకెవరన్నా వస్తారా అని అడిగి పోయినాడు. ఆ సాయంత్రం నాయన, అమ్మ, జేజి ముగ్గురూ నావైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడినారు. నేను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయినాను. రాయదుర్గం జూనియర్ కాలేజీలో చేరాలి. కాలేజీ యాడికి పోతాది పాపా, వచ్చే ఏడు చేరుదువులే అన్నాడు నాయన చివరికి. నేను తల ఊపినాను. అక్క లోపలి గదిలోనుంచి, ముందు జిప్పు కుట్టేది నేర్చుకో, దానికే సూదులు విరిగేది, సూపర్వైజరు తిట్టేది అని చెప్పింది. మూడు నాలుగు దినాలు పాత ప్యాంటు ముక్క ఒడిలో పెట్టుకొని నాకు కుట్టు వరసలు చూపించింది.

నేను పనికి పోవాల్సిన మొదటి పొద్దున ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అమ్మ నీళ్ళకు, నాయన కరువుపనికి, జేజి ఎవరింటికో. అక్క నాకు జడ వేసి, దాన్ని ముడి చుట్టి, ముడిమీద గుడ్డ బిగించి కట్టింది. వెంట్రుక ఒక్కటి కూడా బయటికి రాకూడదు, పట్టీ లాక్కుంటే తల కూడా పోతాది అంది. క్యారియరు చేతికిచ్చింది. నేను గుమ్మం దాటబోతూ ఉంటే ఆగు అంది.

తలుపు దగ్గర వెలుతురులో వెనక్కి తిరిగి నిలబడింది. తల గుడ్డ తీసేసింది.

"సరిగ్గా చూసి చెప్పు."

చూసినాను. పాపిట పక్కన నూగు నల్లబడుతోంది. చెవి పైన కూడా. వెనక మాత్రం పొద్దుటి వెలుతురు అరచేయంత మేర పడి, జారి, మెరుస్తోంది.

"చిన్నవి రెండూ బాగా వస్తాండాయి అక్కా."

"అవి నాకు అద్దంలో కనిపిస్తాండాయి. డాక్టరు నాయనతో ఏం చెప్పినాడు? నువ్వు ఆడనే కూర్చోనుంటివి."

వీధి చివర బస్సు హారను వినిపించింది. అది మలుపు తిరిగి మా ఊరి కట్ట దగ్గరికి రావడానికి కొంచెం సేపు పడుతుంది. క్యారియరును ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"రాదంట అక్కా."

అక్క మెల్లగా గుడ్డను తలకు చుట్టుకుంది, ముడి వేసుకుంది, ముడిని ఒకసారి వేలితో సర్దుకుంది. నావైపు తిరిగినప్పుడు మొహం మామూలుగానే ఉంది.

"బస్సు పోతాది, పో."

"ఆదివారం ఇంట్లోనే ఉంటా అక్కా. మళ్ళీ చూస్తా."

"వద్దులే" అంది. "ఇంక చూడొద్దు."

నేను మెట్టు దిగినాను. ఇంకేదో అందామని వెనక్కి తిరిగేసరికి అక్క తలుపు వేసేసింది. లోపల గడియ పడింది.